గుంట గట్టుకు ఆలస్యంగా వచ్చిన కొలత

నెల్లూరు తీరంలో కావలికి దక్షిణాన ఉంది బోగోలు మండలం. పడమటి వైపు మద్రాసు–విజయవాడ రైలు మార్గం, జాతీయ రహదారి పోతాయి. రైల్వే ఊరుగా పేరున్న బిట్రగుంట ఈ మండలంలోదే. తూర్పుగా జువ్వలదిన్నె దాకా వెళితే సముద్రం, దానికి ఇవతల తీరం వెంబడి సాగే బకింగ్‌హామ్ కాలువ. ఈ తీరపు ఊళ్ళు తరతరాలుగా ఉప్పునీటినే నమ్ముకుని బతికాయి. మొదట ఉప్పు, చేప. గత మూడున్నర దశాబ్దాలుగా రొయ్య. ఈ వ్యాపారాల చరిత్రను ధరల చరిత్రగా, తుపానుల చరిత్రగా, భూముల చరిత్రగా చెప్పడం మనకు అలవాటు. కొలతల చరిత్రగా కూడా చెప్పుకోవాలని నా ఉద్దేశం. ఎందుకంటే ఈ తీరంలో సరుకును కొలిచే సాధనం దాదాపు ఎప్పుడూ పండించినవాడికి దూరంగా ఉంటూ వచ్చింది. కొనేవాడి దగ్గరో, పన్ను వేసేవాడి దగ్గరో, సముద్రం అవతలి రేవులోనో ఉంది. అందువల్ల ఇక్కడ పరీక్ష అనగానే జనానికి తీర్పు గుర్తొస్తుంది. తన గుంటలో ఏముందో తెలుసుకోవడానికి రైతు చేతికొచ్చే పరికరంగా అది కనిపించదు. ఆహారంలో, నీటిలో మందుల జాడను వెలుగుతో పట్టిచ్చే క్వాంటమ్ డాట్‌ల గురించి ఈ మధ్య ఎంతో ఆశగా మాట్లాడుతున్నారు. ఆ ఆశ ఈ తీరంలో నిజమవుతుందా లేదా అన్నది వాటి వెలుగు ఎంత ప్రకాశవంతం అన్నదాని మీద కన్నా, అవి ఈ పాత చరిత్రను ఎటు తిప్పుతాయన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

ఉప్పుతో మొదలుపెడదాం. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. ఆ తర్వాత కొఠార్లలో ఉప్పు పండించేవాడు దాన్ని తన ఇష్టానికి అమ్ముకునే వీల్లేదు. సర్కారు డిపోకు తోలాలి, సర్కారు కట్టిన ధరే తీసుకోవాలి. ఉప్పును గరిసెల్లో కొలిచేవాళ్ళు, గరిసెకు 120 మణుగులు. ఆ కొలత మీదే పండించినవాడి కూలీ, కంపెనీ ఆదాయం, కొనుక్కునే పేదవాడి భారం మూడూ ఆధారపడ్డాయి. కానీ కొలిచే అధికారం ఒక్కడిదే. బీడు నేలల మీద తనంతట తాను పేరుకున్న ఉప్పును గీక్కోవడం కూడా నేరమైన రోజులవి. 1930 ఉప్పు సత్యాగ్రహంలో కోస్తా జనం సముద్రపు నీళ్ళు కాచింది పన్ను ఎగ్గొట్టడానికే అనుకుంటే సగమే అర్థమైనట్టు. తన నేలలో పుట్టిన సరుకు మీద తనకు మాట లేకపోవడమనే అవమానం దాని వెనక ఉంది. ఉప్పు పన్ను 1947లో పోయింది. కొలత దూరంగా ఉండడం మాత్రం పోలేదు.

1990 ప్రాంతంలో రొయ్య వచ్చింది. టైగర్ రొయ్యకు జపాన్‌లో మంచి గిరాకీ ఉండేది. నెల్లూరు తీరంలో వరి మళ్ళు, ఉప్పు నేలలు, బీళ్ళు ఒక్కొక్కటే గుంటలయ్యాయి. దేశానికే రొయ్యల రాజధాని అని నెల్లూరును పిలిచిన కాలం అది. అప్పుడు రైతుకు తెలిసిన కొలత కౌంట్ ఒక్కటే. కిలోకు 30 రొయ్యలు తూగితే 30 కౌంట్, అంతకు తగ్గ ధర. గుంట లోపల ఏం జరుగుతోందో చెక్ ట్రే పైకెత్తి చూసి చెప్పాల్సిందే. మేత మిగిలిందా, పేగు నిండుగా కనిపిస్తోందా, పెంకు గట్టిగా ఉందా అని. 1994లో వైట్ స్పాట్ వైరస్ దిగినప్పుడు కంటికి తెల్ల మచ్చ కనిపించిన రోజుల వ్యవధిలోనే గుంట ఖాళీ అయ్యేది. అదే కాలంలో గుంటల పక్క ఊళ్ళ వాళ్ళది ఇంకో బాధ. తాగే బావులు ఉప్పనవుతున్నాయని మొత్తుకున్నారు. వాళ్ళకున్న సాక్ష్యం నాలుక. రొయ్యల సాగు మీద నడిచిన ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలను పంపి ఆంధ్ర, తమిళ తీరాలను పరిశీలింపజేశాకే ఆ మాటకు విలువ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో జరుగుతున్న నష్టం ఈ సాగు ఆదాయానికి నాలుగింతలని నీరీ లెక్కగట్టింది. 1996 డిసెంబర్ 11న వచ్చిన తీర్పు తీర నియంత్రణ మండలంలో సంప్రదాయ సాగు తప్ప మిగిలిన గుంటలను తొలగించమంది. ఆ తీర్పు ఒక అథారిటీకి, చివరికి 2005 తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టానికి దారితీసింది. నీరీ లెక్కను వ్యతిరేకించినవాళ్ళు ఉన్నారు. ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు. గమనించాల్సింది ఇది: రైతు దగ్గర గానీ, బావి నీళ్ళు తాగే మనిషి దగ్గర గానీ తన మాటను నిలబెట్టే అంకె ఒక్కటీ లేదు. అంకె నాగపూర్ నుంచి ఢిల్లీకి వెళ్ళింది.

ఈ వాదన మీద వెంటనే వచ్చే ఆక్షేపణ ఒకటుంది. రైతుకు పరీక్షల మీద శ్రద్ధ లేదని, పంట వస్తే చాలనుకుంటాడని, పరికరం చేతిలో పెట్టినా వాడడని చాలామంది అధికారులు, ఎగుమతిదారులు నమ్ముతారు. ఈ నమ్మకాన్ని ఇదే తీరం కాదంటోంది. వైట్ స్పాట్ దెబ్బ తర్వాతి ఏళ్ళలో పీసీఆర్ పరీక్ష హేచరీల్లోకి, ఆ తర్వాత రొయ్యల ఊళ్ళ వీధుల్లోకి వచ్చింది. సీడ్‌ను, అంటే రొయ్య పిల్లలను, గుంటలో వదలకముందే వైరస్ ఉందో లేదో చెప్పే పరీక్ష అది. దాన్ని చేయించమని రైతును ఎవరూ బెదిరించాల్సిన పని లేకపోయింది. సొంత డబ్బు పెట్టి, సీడ్ తెచ్చేముందు శాంపిల్ ఇచ్చి ఫలితం కోసం కాచుకుని కూర్చున్నాడు. 2003లో ప్రయోగంగా, 2009లో పెద్ద ఎత్తున వనామీ అనే మరో జాతి రొయ్య వచ్చాక ఈ అలవాటు ఇంకా బలపడింది. ఇవాళ రొయ్యల ఊరు ఏదైనా ల్యాబ్ బోర్డు కనిపిస్తుంది. సీసాల్లో గుంట నీళ్ళు తెచ్చి ఉప్పు శాతం, పీహెచ్, అమ్మోనియా, విబ్రియో బ్యాక్టీరియా లెక్క చూపించుకుంటారు. పచ్చ కాలనీలు ఎన్ని, పసుపు కాలనీలు ఎన్ని అని రైతులు మాట్లాడుకుంటారు. పెద్ద చదువుల మాటలివి, గట్టు మీద మామూలైపోయాయి. తేడా ఎక్కడుందంటే పీసీఆర్ ఫలితం సీడ్ వదలకముందు వస్తుంది, అది రైతుకే వస్తుంది, దాన్నిబట్టి అతను ఏదో ఒకటి చేయగలుగుతాడు. ఈ మూడూ ఉన్నచోట రైతు పరీక్ష నుంచి ఎప్పుడూ తప్పించుకోలేదు.

రొయ్యల రోగాలకు వాడే యాంటీబయాటిక్‌ల కథలో ఈ మూడూ లేవు. 2001, 2002లలో యూరప్ రేవుల్లో ఆసియా రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల జాడలు దొరికాయి. క్లోరాంఫెనికాల్ మనుషుల్లో కొందరికి ఎముక మజ్జను దెబ్బతీసి ప్రాణం మీదికి తెస్తుంది. ఎంత మోతాదు దాకా ఫరవాలేదో చెప్పలేని పరిస్థితి కాబట్టి ఆహారంలో అది సున్నా ఉండాలన్నారు. అది న్యాయమైన నియమమే. ఇక్కడి వినియోగదారుడికి కూడా అదే రక్షణ ఉండాలని కోరుకుంటాను. కానీ సున్నాను కొలిచే యంత్రం ఉండదు. యంత్రం ఎంత చిన్న మోతాదును పట్టగలదో అదే ఆచరణలో సున్నా అవుతుంది. 2003లో యూరోపియన్ యూనియన్ క్లోరాంఫెనికాల్‌కు కిలోకు 0.3 మైక్రోగ్రాములని, నైట్రోఫ్యూరాన్ అవశేషాలకు 1 మైక్రోగ్రామని గీత గీసింది. 0.3 అంటే టన్ను రొయ్యల్లో ఒక మిల్లీగ్రాములో మూడో వంతు కూడా లేదు. 2022 నవంబర్ నుంచి ఆ గీతలు సగానికి, 0.15కు, 0.5కు దిగాయి. ఈలోగా 2016లో భారత్ నుంచి వచ్చే సాగు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటా 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. యూరప్ ల్యాబ్‌లో యంత్రం మెరుగైన ప్రతిసారీ నెల్లూరు గుంటలో సున్నా కిందికి జరిగింది. గుంట దగ్గరున్న రైతు చేతిలో మాత్రం అదే చెక్ ట్రే.

ఆ దూరాన్ని తగ్గించే ప్రయత్నాలు జరగలేదని అనడం అన్యాయం. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ, జనం నోట ఎంపెడా, నెల్లూరులో నాణ్యతా పరీక్షల ల్యాబ్ నడుపుతోంది. పట్టుబడికి ముందే గుంటలోంచి శాంపిల్ తీసి ఎలైసా పద్ధతిలో చూసి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు చేసింది. ఎలైసాను 1971లో స్వీడన్‌లో కనిపెట్టారు. అది మన రొయ్యల దాకా రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఆ పరీక్ష ఎలా సాగుతుందో ఒకసారి దగ్గరగా చూడాలి. రొయ్య కండను మెత్తగా నూరి, ద్రావకంలో కలిపి మందును బయటికి లాగి, ఆరబెట్టి, కొవ్వు తీసేసి, 96 చిన్న గుంతలున్న ప్లాస్టిక్ పలకలో బొట్టు బొట్టుగా పోస్తారు. గుంతల అడుగున యాంటీబాడీలు కాచుకుని ఉంటాయి. శాంపిల్‌లోని మందు, పరీక్ష కోసం కలిపిన ఎంజైమ్ అంటించిన మందు ఆ యాంటీబాడీల కోసం పోటీ పడతాయి. కడిగాక రంగునిచ్చే ద్రవం పోస్తే నీలం తేరుతుంది, ఆమ్లం తగలగానే పసుపుకు మారుతుంది. రంగు ముదిరితే మందు లేనట్టు, పాలిపోతే ఉన్నట్టు. నైట్రోఫ్యూరాన్‌కయితే దీనికి ముందు శాంపిల్‌ను రాత్రంతా 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి రసాయన చర్య జరిపించాలి. కోల్డ్ స్టోరేజి, శిక్షణ పొందిన చేతులు, రంగు చదివే యంత్రం ఉన్న గదిలోనే ఇదంతా జరగాలి. ఇది మంచి పరీక్ష, నమ్మదగ్గ పరీక్ష. అయితే ఫలితం వచ్చేది పంట చివర. మూడు నెలలకు పైగా మేత పోసి, ఏరేటర్లు తిప్పి, అప్పు పెంచుకున్న రైతుకు అప్పుడు మందు ఉందని చెబితే అతను చేయగలిగింది ఏమీ లేదు. తక్కువ అడిగే ఇంకో మార్కెట్‌కు అమ్ముకోవడం తప్ప.

యంత్రం చెప్పిందంతా నిజమేనా అన్నది ఇంకో ప్రశ్న. 2000 తర్వాత కొన్నేళ్ళు నెల్లూరు జిల్లాలో మంచినీటి రొయ్య, స్కాంపి, ముమ్మరంగా సాగింది. నైట్రోఫ్యూరాన్‌లలో ఒకటైన నైట్రోఫ్యూరజోన్ వాడారనడానికి గుర్తుగా ల్యాబ్‌లు సెమికార్బజైడ్ అనే అవశేషాన్ని వెతుకుతాయి. అయితే మందు వాడకపోయినా స్కాంపి లాంటి కొన్ని రొయ్య జాతుల పెంకుల్లో ఆ పదార్థం సహజంగానే ఉంటుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. పెంకుతో సహా పరీక్షిస్తే ఒక ఫలితం, కండ మాత్రమే తీసి పరీక్షిస్తే ఇంకో ఫలితం రావచ్చు. కొలత దూరంగా ఉన్నప్పుడు ఇలాంటి అనుమానాన్ని రైతు వినిపించే చోటు ఉండదు. దగ్గరగా ఉంటే, అదే గుంటలో మళ్ళీ మళ్ళీ చూసుకోగలిగితే, ఆ ప్రశ్న ముందే లేస్తుంది.

ఇక క్వాంటమ్ డాట్‌లు. 1980ల మొదట్లో లెనిన్‌గ్రాడ్‌లో అలెక్సీ ఎకిమోవ్ రంగు గాజులో, అమెరికాలో లూయీ బ్రూస్ ద్రావణంలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒకే వింతను చూశారు. అర్ధవాహక రేణువు కొన్ని నానోమీటర్లకు చిన్నదైతే దాని రంగు అది ఏ పదార్థమన్న దానితో పాటు దాని పరిమాణాన్ని బట్టి కూడా మారుతుంది. ఎలక్ట్రాన్‌కు తిరిగే చోటు ఇరుకైనకొద్దీ దానికి ఎక్కువ శక్తి కావాలి. అందుకే దాదాపు 2 నానోమీటర్ల కాడ్మియం సెలినైడ్ రేణువు నీలంగా, 6 నానోమీటర్లది ఎర్రగా వెలుగుతుంది. 1993లో మౌంగీ బావెండి బృందం అనుకున్న పరిమాణంలో, ఒకే తీరుగా వాటిని తయారు చేసే దారి కనుక్కుంది. 2023లో ఈ ముగ్గురికీ కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. పరీక్షకు ఇవి పనికొచ్చే తీరు సూటిగానే ఉంటుంది. రేణువుకు మందును పట్టే యాంటీబాడీ అంటిస్తే, మందు తగిలినప్పుడు వెలుగు తగ్గడమో, పట్టీ మీద గీత మసకబారడమో జరుగుతుంది. కరోనా రోజుల్లో ఇంటింటా చూసిన టెస్ట్ పట్టీ లాంటిదే, కాకపోతే గీతను అల్ట్రావయొలెట్ దీపం కింద చూడాలి. బంగారు రేణువులతో వచ్చే ఎర్ర గీత కంటే వెలిగే గీతను తక్కువ మోతాదులో కూడా పసిగట్టవచ్చు. పైగా ఒకే దీపంతో వేర్వేరు పరిమాణాల రేణువులు వేర్వేరు రంగుల్లో వెలుగుతాయి కాబట్టి ఒకే పట్టీ మీద నాలుగైదు మందులను చూడవచ్చు. మన తీరప్రాంత ఆక్వాకల్చర్ నిబంధనలు నిషేధించిన మందుల జాబితా 20 దాకా ఉందని గుర్తుంచుకుంటే ఈ సుగుణం విలువ తెలుస్తుంది.

దీనిమీద గట్టి అభ్యంతరాలున్నాయి, దాటవేయదగ్గవి కావు. మొదటిది: పరిశోధనా పత్రాల్లో చాలావరకు కుళాయి నీటిలోనో, పాలలోనో మందును తామే కలిపి, తామే పట్టుకుని చూపిస్తారు. రొయ్యల గుంట నీరు అలా ఉండదు. ఉప్పు ఎక్కువ, నాచు పచ్చదనం ఎక్కువ, కుళ్ళిన మేత తాలూకు పదార్థాలు ఎక్కువ. నాచుకే సొంత వెలుగు ఉంది. డాట్ వెలుగు తగ్గితే అది మందు వల్లో, నీటి రంగు కాంతిని మింగేయడం వల్లో తేల్చుకోవడం కష్టం. ఇది నిజం. అందుకే ఈ పట్టీలను బోగోలు, అల్లూరు మండలాల గుంట నీళ్ళలో, వేసవిలోనూ, వానలు పడి ఉప్పు శాతం పడిపోయిన రోజుల్లోనూ పరీక్షించి చూడకుండా రైతుకు అమ్మకూడదు. ముత్తుకూరులో 1991 నుంచి మత్స్యశాస్త్ర కళాశాల ఉంది, నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. ఈ పనికి ఇంతకంటే తగిన చోటు దేశంలో అరుదు. రెండోది: వెలుగు బాగా ఇచ్చే డాట్‌లలో కాడ్మియం ఉంది, అది విషం. మందు జాడ వెతకడానికి మరో విషాన్ని గట్టు మీద పారేస్తామా? ఒక్క పట్టీలో ఉండేది అతి స్వల్పమే. కానీ వాడి పారేసే అలవాటున్న చోట స్వల్పం కూడా పేరుకుంటుంది. కాబట్టి ఈ తీరానికి కాడ్మియం డాట్‌లు వద్దనే నేనంటాను. ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. 2004లో అమెరికాలో మసిని శుద్ధి చేస్తుండగా అనుకోకుండా బయటపడ్డ వెలిగే కార్బన్ రేణువులను ఇప్పుడు ఎన్నో సహజ పదార్థాల నుంచి తీస్తున్నారు. 2016లో తైవాన్ నుంచి వెలువడిన ఒక పరిశోధనలో రొయ్య పెంకుల నుంచే కార్బన్ డాట్‌లు చేసి వాటితో నీటిలోని రాగిని పసిగట్టారు. ప్రాసెసింగ్ ప్లాంట్లలో రొయ్య బరువులో సగానికి దగ్గరగా తలలు, పెంకులుగా తీసేసే ఈ జిల్లాకు ఆ వార్త మామూలు వార్త కాదు. నాచు చంపడానికి గుంటల్లో మైలుతుత్తం చల్లే అలవాటుంది కాబట్టి రాగిని కొలవడం కూడా ఇక్కడ పనికొచ్చేదే.

మూడో అభ్యంతరం అన్నిటికంటే పదునైనది. చవకైన పట్టీ రైతు చేతికిస్తే, మందు వాడి, పట్టీ మీద మందు జాడ మాయమయ్యేదాకా ఆగి, అప్పుడు పట్టుబడి చేస్తాడు కదా, దొంగకు తాళంచెవి ఇచ్చినట్టు కాదా అంటారు. కొంతవరకు అవుతుంది, కాదనను. కానీ నైట్రోఫ్యూరాన్ లాంటి మందుల అవశేషాలు కండలోని ప్రోటీన్లకు అతుక్కుని వారాల తరబడి వదలవు. వాటి విషయంలో ఆగి తప్పించుకోవడం తేలిక కాదు. పైగా అవశేషం ప్లేటులోకి రాకపోయినా, గుంటలో వాడిన మందు నీటితో పాటు క్రీకుల్లోకి, కాలువలోకి పోతుంది. మందుకు లొంగని సూక్ష్మజీవులు అక్కడే తయారవుతాయి. 2020 నవంబర్‌లో జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బర్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ రేవు వేటగాళ్ళ వలల్లో పడే చేప ఈ నీళ్ళలోదే. వదిలేసే నీటికి నిబంధనలున్నాయి గానీ వాటి జాబితాలో పీహెచ్, తేలాడే మడ్డి, బీఓడీ, అమ్మోనియా లాంటివే ఉన్నాయి, యాంటీబయాటిక్ లేదు.   ఎగుమతి రొయ్యను మాత్రమే చూసే కొలత తీరాన్ని చూడదు. వేటగాడి వైపు నుంచి చూసినా, బావి నీళ్ళు తాగేవాళ్ళ వైపు నుంచి చూసినా, కాలువ నీటిని అక్కడికక్కడే చూపించే చవకైన సాధనం అవసరం. 1990ల్లో నాలుక తప్ప వేరే సాక్ష్యం లేని ఊళ్ళకు అది అంకెనిస్తుంది.

రైతును దొంగ అనేముందు మందు ఎలా వస్తోందో కూడా చూడాలి. గుంటలో పేగు తెల్లబడితే, పెంకు వదులైతే రైతు పరుగెత్తేది మందుల షాపుకు. అక్కడ ప్రోబయోటిక్ అనీ, మినరల్ అనీ, గట్ టానిక్ అనీ రంగురంగుల ప్యాకెట్లు ఇస్తారు. లోపల ఏముందో లేబుల్ పూర్తిగా చెప్పదు, రైతుకు తెలిసే దారి లేదు. యాంటీబయాటిక్ లేదని ధ్రువీకరించిన ఉత్పత్తులను నమోదు చేసే పద్ధతిని తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ తెచ్చింది గానీ, షాపు బల్ల మీద ఉన్న ఆ ఒక్క ప్యాకెట్‌ను పరీక్షించే సాధనం రైతు దగ్గర లేదు. సాంకేతికంగా చూసినా ప్యాకెట్‌ను పరీక్షించడమే తేలిక. రొయ్య కండలో టన్నుకు మిల్లీగ్రాములో భాగాలను వెతకాలి. ప్యాకెట్‌లో మందు ఉంటే గ్రాముల లెక్కన ఉంటుంది, నాచు ఉండదు, ఉప్పు నీరు అడ్డురాదు. చిటికెడు పొడి శుభ్రమైన నీటిలో కలిపి పట్టీ ముంచితే, ఇప్పటికే ఉన్న డాట్‌ల సున్నితత్వం అవసరానికి మించే ఉంటుంది. పంట మొదట్లోనే ఫలితం వస్తుంది, అది కొనేవాడికే వస్తుంది, దాన్నిబట్టి అతను ప్యాకెట్ వెనక్కి ఇచ్చేయగలడు. పీసీఆర్‌ను రైతు తనంతట తాను నెత్తికెత్తుకోవడానికి కారణమైన మూడు షరతులూ ఇక్కడ తీరుతాయి. రేవు దగ్గర అవశేషాలను కచ్చితంగా కొలిచే ఎల్‌సీ-ఎంఎస్ యంత్రం ఎలాగూ ఉంటుంది, చివరి మాట దానిదే. దాని పని పట్టీ చేయాల్సిన అవసరం లేదు. క్వాంటమ్ డాట్ పట్టీ ఈ తీరానికి వస్తే మొట్టమొదట చేరాల్సింది కావలిలో, బోగోలులో, అల్లూరులో ఆక్వా మందులు అమ్మే షాపుల ముందుకు.